రాత్రిపూట నెట్ రద్దీ గురించి సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. రాత్రి ఎనిమిది నుంచి పది వరకు మన వీధిలో నెట్ నత్తనడక నడుస్తోంది. నిన్న మా అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష రాస్తుండగా ఆఖరి ప్రశ్న దగ్గర తెరపై చక్రం తిరుగుతూనే ఉండిపోయింది. తెల్లవారుజామున చూస్తే అదే లైను పరుగులు పెట్టింది. అంటే లోపం కేబుల్లో లేదు, అందరం ఒకే వేళకు వాడటంలో ఉంది. దాళ్వాలో, అంటే రబీ వరి పంటకు, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే నీరు చాలనప్పుడు శివారు పొలాలు ఎండిపోకుండా కాలువలకు వంతులు పెట్టడం మనం ఎరిగినదే. రద్దీ వేళ నెట్‌కూ అలాంటి సర్దుబాటే కావాలి.

ఆపరేటర్ రెండు మార్గాలు చెప్పారు: రద్దీ వేళ వాడకానికి అదనపు రుసుము, లేదా నెలవారీ పరిమితి దాటిన కనెక్షన్లకు ఆ గంటల్లో మాత్రమే వేగం తగ్గించడం. రుసుము పెంచితే ఆ భారం ముందుగా పడేది తక్కువ ఆదాయం గల ఇళ్లలోని పిల్లల చదువుల మీదే కనుక నేను రెండోదాన్నే సమర్థిస్తున్నాను. పెద్ద డౌన్‌లోడ్లు తెల్లవారుజామున చేసుకునేవారికి ఆ డేటాను పరిమితి లెక్కలోంచి మినహాయించమని కూడా అడుగుదాం. ఏ పద్ధతైనా సైటును బట్టి ధర మారకూడదు. అటువంటి తేడాను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరిలోనే నిషేధించింది.

దయచేసి ఆదివారంలోగా మీ అభిప్రాయం ఇక్కడే రాయండి.