ఫొటోలు సరే, ఎప్పుడు వెళ్లకూడదో కూడా రాయండి

ఎడిటర్ గారికి,

మొన్న మీ ఆదివారం అనుబంధంలో సాహస యాత్రల మీద రెండు పేజీల కథనం వేశారు. రిషికేశ్, బీర్ బిల్లింగ్, కోలాడ్, దాండేలి, మధ్యలో మన ములుగు జలపాతాలు. ఫొటోలు అదిరిపోయాయి, అందులో డౌట్ లేదు, మా ఇంట్లో పిల్లలైతే ఆ పేజీ అలాగే తీసి దాచుకున్నారు. కానీ ఎక్కడికి ఏ నెలలో వెళ్లకూడదో ఒక్క ముక్క లేదు, అక్కడ ఏదైనా తేడా వస్తే చూసుకునేది ఎవరో అసలే లేదు. అందుకే ఈ ఉత్తరం.

మహారాష్ట్రలోని కోలాడ్ సంగతే చూడండి. కుండలిక నదిలో రాఫ్టింగ్, అంటే రబ్బరు పడవల్లో ప్రవాహం మీద దూసుకెళ్లడం, నడిచేది వాన నీళ్లతోనే అనుకుంటారు చాలామంది. అసలు సంగతి ఏంటంటే పైన భిరా జలవిద్యుత్ కేంద్రంలో కరెంటు తీశాక కిందికి వదిలే నీళ్లతో నది పరుగెత్తుతుంది, ఆ నీళ్లు వచ్చే టైము చూసుకుని రాఫ్టులు దించుతారు, అందుకే అక్కడికి వెళ్లినవాళ్లను పొద్దున్నే లేపి తరుముతారు. కర్ణాటకలో దాండేలి దగ్గర కాళి నదిదీ ఇంచుమించు ఇదే కథ, సుపా డ్యాం నుంచి నీళ్లు వదలకపోతే రాఫ్టింగ్ లేదు, బోటెక్కి ఫొటో దిగి రావడమే. అంటే మనం థ్రిల్ అనుకుంటున్నది ఎక్కడో ఒక ఇంజినీరు గేటు తిప్పితే వచ్చేది. మీ కథనంలో దీని గురించి ఒక్క లైను ఉన్నా చదివేవాడికి పనికొచ్చేది.

అలాంటి డ్యాం నీళ్లే ఇంకోచోట ఏం చేశాయో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో మండి జిల్లా థలౌట్ దగ్గర, హైదరాబాద్ నుంచి టూర్‌కి వెళ్లిన ఇంజినీరింగ్ పిల్లలు బియాస్ నదిలోకి దిగి రాళ్ల మీద ఫొటోలు తీసుకుంటుంటే పైన లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్లతో ఉన్న టూర్ ఆపరేటర్ ఒకరు కొట్టుకుపోయారు. ఆ వీడియో టీవీల్లో ఎన్నిసార్లు వేశారో గుర్తుందా? పాపం వాళ్లు ఏ సాహసమూ చేయలేదండీ, బస్సు ఆపి కాసేపు నదిలోకి దిగారు, అంతే. కోలాడ్‌లో నీళ్లు ఎప్పుడొస్తాయో గైడుకి తెలుసు, లైఫ్ జాకెట్ వేసి మరీ దించుతాడు. బియాస్ ఒడ్డున ఆ పిల్లల్ని పైకి రమ్మని ముందుగా చెప్పిన నాథుడు లేడు. నన్నడిగితే సాహస యాత్రల మీద రాసేవాళ్లు ముందు పట్టుకోవాల్సింది ఈ తేడానే, హోటల్ రేట్లూ డ్రోన్ ఫొటోలూ ఆ తర్వాత.

అదే హిమాచల్‌లో ఏటా జులై 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు పారాగ్లైడింగ్, రాఫ్టింగ్ బంద్. బీర్ బిల్లింగ్ అంటే 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ జరిగిన చోటు, పారాచూట్ లాంటి రెక్క కట్టుకుని దాదాపు 8 వేల అడుగుల ఎత్తు నుంచి దూకుతారు, అలాంటి పేరున్న చోట కూడా వానాకాలం వస్తే రెండు నెలలు దుకాణం కట్టేయాల్సిందే. అక్కడ ప్రమాదాలు లేవని కాదు, జరుగుతూనే ఉన్నాయి, లైసెన్సు లేకుండా ఎగరేసేవాళ్లూ ఉన్నారు. కనీసం ఫలానా తేదీ నుంచి మూత అని ఒక రూలుంది కాబట్టి ఆ రోజుల్లో ఎవడైనా ఎగరేస్తే అది తప్పని అందరికీ తెలుస్తుంది. రిషికేశ్‌లోనూ అంతే, వర్షాలకు గంగ పెరిగితే రాఫ్టింగ్ ఆపేస్తారు. మీ కథనం చూసి ఆగస్టులో టికెట్లు బుక్ చేసుకున్నవాడి గతేంటి చెప్పండి!

మన దగ్గర అంతా రివర్స్. జలపాతాలకు సీజన్ అంటేనే జులై, ఆగస్టు, వాగులు ఎప్పుడు పొంగుతాయో తెలియని రోజులు. 2023 జులై చివర్లో ములుగు జిల్లా ముత్యాలధార చూడ్డానికి వెళ్లిన 80 మంది దాకా తిరిగొచ్చే దారిలో వాగు పొంగి రాత్రి అడవిలోనే చిక్కుకుపోయారు. వాగు దాటే ప్రయత్నం చేయొద్దని పోలీసులు ఫోన్లో చెప్పి ఆపారు, తెల్లారేసరికి ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు వెళ్లి బయటికి తెచ్చారు. సరిగ్గా అదే రోజుల్లో పక్క జిల్లాలో మోరంచపల్లి ఊరు మొత్తం నీట మునిగింది, అలాంటి వానలో టూరిస్టుల కోసం కూడా రెస్క్యూ టీం పరుగెత్తాల్సి వచ్చింది. ములుగు జిల్లాలోనే బొగత జలపాతం దగ్గర గేటు ఉంది, టికెట్ ఉంది, ప్రవాహం ఎక్కువైతే లోపలికి పంపరు. అక్కడ తిప్పి పంపించేస్తే ఈ జనమే సిబ్బందిని తిడతారు, అది వేరే సంగతి.

పోయిన వానాకాలం మా తమ్ముడి బ్యాచ్ ఒక వీకెండ్ ట్రిప్‌కి వాట్సాప్‌లో డబ్బులు కట్టింది, ఆపరేటర్ పేరెందుకులెండి. వాన ఎక్కువైతే ఏం చేస్తారని అడిగితే "వానలోనే మజా అన్నా" అన్నాడట. తాడు ఉందా, ఫస్ట్ ఎయిడ్ తెలిసినవాళ్లు ఎవరైనా వస్తున్నారా, ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ ఉందా అంటే టీషర్ట్ ఫ్రీ అన్నాడు. ఇలాంటివాళ్లను అడిగేవాళ్లు లేరు, ఎందుకంటే మనకు అడిగే పద్ధతే లేదు. తమిళనాడులో 2018లో కురంగణి కొండల మీద కార్చిచ్చులో చిక్కుకుని ట్రెక్కర్లు చనిపోయాక రూల్స్ తెచ్చారు, తర్వాత 2024లో అటవీ శాఖే 40 దారులు ఎంచి, స్థానికులనే గైడ్లుగా పెట్టి ఆన్‌లైన్ బుకింగ్ మొదలుపెట్టింది. కర్ణాటకలో కుమార పర్వతం మీద తిరునాళ్లలా జనం ఎగబడేసరికి ఆపేసి, రోజుకు ఇంతమందే అని బుకింగ్ పెట్టారు. అటూ ఇటూ ఇద్దరూ చేసుకున్నారు, మధ్యలో మనం రీల్స్ చూసి బండి తీస్తున్నాం. ఈ విషయం మీద రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ నిలదీస్తూ ఒక్క సంపాదకీయం రాయండి, పది జలపాతాల ఫొటోల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇంకోటి, ఇది కొంచెం అలకతో అడుగుతున్నా. మీ జాబితాలో భువనగిరి ఎందుకు లేదు? హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్లు కూడా ఉండదు, కోట మొత్తం ఒకే ఏకశిల మీద ఉంటుంది, అక్కడ రాక్ క్లైంబింగ్ నేర్పే స్కూల్ ఉంది. 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ మొదటి పాఠాలు నేర్చుకున్నది ఆ బండ మీదే. మనాలీకి రెండు రోజులు ప్రయాణం చేసి జిప్‌లైన్‌కి వేలాడి రావడం కన్నా, ఇక్కడ కోచ్ దగ్గర తాడు ముడి వేయడం నేర్చుకోవడం మంచిది అని నా గట్టి అభిప్రాయం, కాదనేవాళ్లు కాదనొచ్చు. వచ్చేసారి వేస్తే దాన్నీ కలపండి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండ మీద చెయ్యి పెట్టలేరు, పొద్దున్నే వెళ్లాలి, అదీ రాయండి.

ఇట్లు
మీ పాఠకుడు,
హనుమకొండ