బ్రాండ్ తేలేది రీఫండ్ కౌంటర్ దగ్గర

సంపాదకులకు,

కంపెనీల బ్రాండ్ గురించి వ్యాపార పేజీల్లో ఎప్పుడు చర్చ వచ్చినా అది లోగో, ప్రకటన, ప్రచారకర్తల చుట్టూనే తిరుగుతోంది. ఖర్చు కంటికి కనిపించేది అక్కడే కాబట్టి కావచ్చు. కానీ జనంలో కంపెనీ పేరు నిలిచినా పోయినా అది వస్తువు కొన్న తర్వాతే. డబ్బు వాపసు ఎన్ని రోజులకు వచ్చింది, ఫోన్ చేస్తే చెప్పిందే ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చింది, ఫలానా రోజు వస్తానన్న మెకానిక్ ఆ రోజు వచ్చాడా. వీటిని కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి మంచితనానికి వదిలేస్తే లాభం లేదు. పైవాళ్లు దేన్ని లెక్కిస్తున్నారు, దేనికి ఇన్సెంటివ్ ఇస్తున్నారు, దేనికి సంజాయిషీ అడుగుతున్నారు అన్నదాన్ని బట్టే ఇవన్నీ నడుస్తాయి.

కాల్ సెంటర్ సంగతే తీసుకోండి. ఒక్కో కాల్ నాలుగు నిమిషాల్లో ముగియాలని టార్గెట్ పెట్టారనుకుందాం. చిక్కు సమస్యతో ఎవరో ఫోన్ చేశారు. మూడున్నర నిమిషాలు దాటగానే ఆపరేటర్ ‘సంబంధిత విభాగానికి కలుపుతున్నాను, లైన్‌లో ఉండండి’ అంటారు. అక్కడ మళ్లీ పేరు, బిల్లు నంబరు, జరిగిందంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. రిపోర్టులో మాత్రం రెండు కాల్స్, రెండూ టార్గెట్ లోపే! ఫిర్యాదు 48 గంటల్లో క్లోజ్ చేయాలన్న నిబంధనదీ ఇదే తీరు. 47వ గంటలో ‘మీ ఫిర్యాదు పరిష్కరించాం’ అని మెసేజ్ వస్తుంది. పాడైన మిషన్ చూస్తే అలాగే పడి ఉంటుంది. కస్టమర్ మళ్లీ ఫోన్ చేస్తే కొత్త టికెట్ (ఫిర్యాదు) నంబరు ఇస్తారు, పాతది పరిష్కారమైన వాటి లెక్కలోనే ఉండిపోతుంది. ఇలా మసిపూసి మారేడుకాయ చేసిన అంకెలే నెలాఖరుకు డైరెక్టర్ల ముందుకు వెళ్తాయి. వాటిని చూసి యాజమాన్యం నిజంగానే సంతోషిస్తుంది.

దీన్ని సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. అదే కస్టమర్ అదే వస్తువు గురించి వారం లోపు మళ్లీ ఫోన్ చేస్తే పాత టికెట్‌నే తిరిగి తెరవాలి, గంటల లెక్క మొదటి ఫిర్యాదు అందినప్పటి నుంచే కట్టాలి. కాల్ ఎంతసేపు సాగిందన్నది పక్కనపెట్టి, మొదటి కాల్‌తోనే ఎన్ని తేలాయో చూడాలి. వీటన్నిటికంటే ఫలితమిచ్చే పని ఇంకొకటుంది. సంస్థ అధిపతి వారానికో ఇరవై ఫిర్యాదులను లాటరీ తీసినట్టు తీసి, ఆ కస్టమర్లకు తానే ఫోన్ చేయాలి. అవి క్లోజ్ అయినవే కావాలి, ఎందుకంటే పెండింగ్ వాటి గురించి ఎలాగూ ఎవరో ఒకరు గొడవ చేస్తూనే ఉంటారు, దాచినదంతా క్లోజ్ అయిన వాటిలోనే ఉంటుంది. సమస్య తీరిందా, ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చింది, చెప్పిన రోజుకు పని అయిందా అని అడిగితే చాలు. ఈ పని సహాయకులకు అప్పగించి సారాంశం తెప్పించుకుంటే మూడో వారానికల్లా ‘అంతా బాగుంది సార్’ అన్న నివేదికే చేతికొస్తుంది.

టార్గెట్ కంపెనీ పేరును ఎలా తినేస్తుందో తెలియాలంటే అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు ఉదంతం చూడాలి. ఒక్కో కుటుంబానికి ఎనిమిది రకాల ఖాతాలో, కార్డులో, రుణాలో అంటగట్టాలన్నది అక్కడి యాజమాన్యం పెట్టుకున్న లక్ష్యం. ఆ ఒత్తిడికి శాఖల సిబ్బంది ఖాతాదారులకు చెప్పకుండానే వాళ్ల పేరిట లక్షల ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో నియంత్రణ సంస్థలు 18.5 కోట్ల డాలర్ల జరిమానా వేశాయి. అప్పటికే కొన్నేళ్లుగా బ్యాంకు సుమారు 5,300 మందిని ఉద్యోగంలోంచి తీసేసింది. అసలు తప్పు అక్కడే ఉంది. అంతమందిని తొలగిస్తూ కూడా, అంతమంది ఒకే తప్పు ఎందుకు చేస్తున్నారని టార్గెట్ వైపు చూడలేదు. అధిపతి జాన్ స్టంఫ్ అక్టోబరులో తప్పుకున్నారు, 2020లో బ్యాంకు మరో 300 కోట్ల డాలర్లు కట్టి కేసులు పరిష్కరించుకుంది. అమ్మకాన్ని అమ్మిన రోజున కాకుండా, 90 రోజుల తర్వాత కస్టమర్ ఇంకా వాడుతుంటేనే లెక్కలోకి తీసుకునే పద్ధతి ఉంటే ఇంతదాకా రావడం కష్టం. రద్దయిన అమ్మకాలను అమ్మినవారి ఇన్సెంటివ్‌లోంచే కాదు, మేనేజరు, ఆపైన ప్రాంతీయ అధికారి ఇన్సెంటివ్‌లోంచి కూడా కోయాలి. పైవాళ్లకు నష్టం లేనంతకాలం కిందివాళ్ల మీద ఒత్తిడి ఆగదు.

రీఫండ్ విషయంలోనూ మూలం ఇదే. తప్పు కంపెనీదేనని కౌంటర్‌లోని వ్యక్తికి తెలుసు, ఎదురుగా ఉన్నవారికీ తెలుసు. అయినా చిన్న మొత్తానికి మూడు సంతకాలు కావాలి. ఆ సంతకాలకు పట్టే సమయాన్ని జీతాల్లో లెక్కేస్తే చాలాసార్లు రీఫండ్ మొత్తం కంటే అదే ఎక్కువవుతుంది. గత ఆరు నెలల రీఫండ్లను మొత్తాల వారీగా పేర్చి, నూటికి ఎనభై అయినా లోపలికి వచ్చేచోట గీత గీయాలి. ఆ గీత వరకు కౌంటర్‌లోనే తేల్చేసే అధికారం ఇవ్వాలి. తనిఖీ ఉండాల్సిందే, అయితే అది డబ్బిచ్చిన తర్వాత, కొన్నిటి మీద మాత్రమే. రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్లలో ఒక అతిథి ఇబ్బంది తీర్చడానికి పైవారిని అడగకుండా 2,000 డాలర్ల వరకు ఖర్చుపెట్టే అధికారం సిబ్బందికి ఉండటం అందరికీ తెలిసిన ఉదాహరణ. చాలా కంపెనీలు ఈ అధికారాన్ని కాగితం మీద ఇస్తాయి, వాడిన ప్రతిసారీ సంజాయిషీ అడుగుతాయి. అప్పుడు ఎవరూ వాడరు. ఆరు నెలలుగా ఒక్క రీఫండ్ కూడా కౌంటర్‌లో తేలని శాఖ ఉంటే అక్కడ ఫిర్యాదులు లేవని సంబరపడకుండా, సిబ్బంది ఎవరికి భయపడుతున్నారో కనుక్కోవాలి.

ప్రకటనల్లో ఇచ్చే మాట గురించి ఒక్క లెక్క చెప్పాలి. సర్వీసుకు సగటున 24 గంటలు పడుతోంది కదా అని ‘24 గంటల్లో సర్వీస్’ అని ప్రకటన ఇచ్చేస్తారు. సగటు 24 అంటే దాదాపు సగం మందికి అంతకంటే ఎక్కువే పడుతూ ఉండొచ్చు. అంటే అంతమందికి మాట తప్పుతామని ముందే ప్రకటించుకున్నట్టు. నూటికి 95 మందికి ఎంతలో పూర్తవుతోందో అదే చెప్పాలి, అది 60 గంటలైనా సరే. ప్రకటన అచ్చుకు వెళ్లేముందు దాని మీద సర్వీసు విభాగం అధిపతి సంతకం తప్పనిసరి చేయాలి.

సరఫరాదారుల బిల్లుల మాటను బ్రాండ్ చర్చలో ఎవరూ ఎత్తరు. 30 రోజుల గడువు బిల్లును 90 రోజులు ఆపితే చిన్న సరఫరాదారు నాణ్యత తగ్గించైనా సర్దుకుంటాడు, లేదా మంచి సరుకు సమయానికి డబ్బిచ్చేవారికి పంపుతాడు. ఆ తేడా చివరికి వచ్చి పడేది కస్టమర్ చేతిలోనే.

నాయకత్వమంటే సంక్షోభంలో తీసుకునే గొప్ప నిర్ణయమని చెప్పడానికి 1982లో అమెరికాలో టైలనాల్ అనే నొప్పి మందు విషయంలో జరిగిన ఘటనను తరచూ ఉదహరిస్తారు. షికాగో ప్రాంతంలో ఎవరో ఆ మందు గుళికల్లో సైనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయారు. విషం కలిసింది ఫ్యాక్టరీలో కాకపోయినా, ఆ మందు తయారుచేసే జాన్సన్ అండ్ జాన్సన్ అధిపతి జేమ్స్ బర్క్ దేశమంతటి నుంచి సుమారు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తెప్పించారు. వారాల్లోనే మూడు సీళ్ల ప్యాకింగ్ తెచ్చారు. ఏడాదిలో పోయిన మార్కెట్ చాలావరకు తిరిగొచ్చింది. ఆ ప్రశంసకు ఆయన అర్హులే. కానీ 2010లో అదే సంస్థ అనుబంధ కంపెనీ, ఫ్యాక్టరీలో నాణ్యతా లోపాల వల్ల, టైలనాల్‌తో సహా పిల్లల సిరప్‌లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. రోజువారీ తనిఖీలు సడలితే 1982లో సంపాదించిన పేరు కూడా అడ్డుపడలేదు.

అందుకే మీ విలేకరులకు ఒక మనవి. కంపెనీ అధినేతలను ఇంటర్వ్యూ చేసేటప్పుడు విస్తరణ ప్రణాళికలతో పాటు కొన్ని చిన్న ప్రశ్నలు కూడా అడగండి. మీ కంపెనీలో రీఫండ్‌కు నూటికి 95 మందికి ఎన్ని రోజులు పడుతోంది? క్లోజ్ చేసిన ఫిర్యాదుల్లో ఎన్ని వారంలో మళ్లీ తెరుచుకుంటున్నాయి? సరఫరాదారుల బిల్లులు గడువు తర్వాత ఎన్నాళ్లకు చెల్లిస్తున్నారు? సమీక్షా సమావేశంలో మీ నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఏది? జవాబుగా అంకె చెబితే అచ్చువేయండి, ‘కనుక్కుని చెబుతాం’ అంటే అదీ అచ్చువేయండి.

— ఒక పాఠకుడు