శీనుగాడి బోర్డుకి అక్షరాలు

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరేయ్ శీనూ,

ఏట్రా, ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? ఇక్కడ ఉక్కపోత మామూలుగా లేదు, కరెంటు పోతే ఇంక చెప్పనక్కర్లేదు. కూకట్‌పల్లిలో షాపు దొరికిందన్నావు, చాలా సంతోషం. అమ్మ పేరు మీద 'లక్ష్మీ పచ్చళ్ళు' అని పెట్టడం మరీ నచ్చింది. కానీ నువ్వు పంపిన బోర్డు, సీసా లేబుల్ డిజైన్ చూశాక ఉత్తరం రాయక తప్పలేదు. ఫోన్లో చెబితే 'సరే సరే' అని పెట్టేస్తావు, నాకు తెలుసు.

నువ్వు వాడిన రవిప్రకాష్ ఫాంట్, అదే ఆ అక్షరాల తీరు, నాకూ ఇష్టమే. అప్పాజి అంబరీష దర్భా 2013లో రూపొందించారు, సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ వాళ్ళు ఉచితంగా అందరికీ ఇచ్చారు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి బోర్డు మీద వాడినా, సీసా మీద వాడినా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. ఫాంట్‌నే విడిగా అమ్ముకోకూడదు, అంతే. ఒకచోట లావుగా, ఇంకోచోట సన్నగా సాగే గీతలే దాని అందం, అదీ పెద్ద సైజులో. నువ్వేమో షాపు పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, ఆఖరికి 'నూనె, కారం, ఉప్పు' కూడా దాంతోనే కొట్టించావు. పెళ్ళిలో అందరూ పెళ్ళికూతురి చీరే కట్టుకొస్తే పెళ్ళికూతురెవరో ఎలా తెలుస్తుందిరా?

మొన్న మా మేనకోడలి పెళ్ళికార్డు విషయంలో అచ్చం ఇదే జరిగింది. డాబాగార్డెన్స్‌లో ఒక ప్రెస్‌కి ఇచ్చాం. మా ఊళ్ళో చాలా శుభలేఖల మీద సింహాద్రి అప్పన్న ఉండాల్సిందే కదా, పైన 'శ్రీ వరాహ లక్ష్మీనరసింహస్వామి' అని రవిప్రకాష్‌లోనే వేయించాం. ఏ తెలుగు ఫాంట్ సత్తా అయినా ఈ ఒక్క లైనులో తేలిపోతుంది. 'శ్రీ'లో ర వత్తు కిందనుంచి ఎడమకి చుట్టుకు రావాలి. 'క్ష్మీ'లో క కింద ష వత్తు, పక్కనే మ వత్తు, నెత్తిన గుడి దీర్ఘం, ఇన్నీ ఒకదాన్నొకటి తొక్కుకోకుండా ఇమడాలి. పెద్దక్షరాల్లో బంగారు ఫాయిల్‌తో ఆ లైను దిగేసరికి మా అక్క మురిసిపోయింది.

కింద కల్యాణమండపం అడ్రసు కూడా అదే ఫాంట్‌లో, చీమ తలకాయంత సైజులో కొట్టాడు ప్రెస్ అతను. సన్నగీతల మీద ఫాయిల్ నిలవలేదు, లావుగీతల మధ్య సందులు పూడిపోయాయి. 'ప'కి తలకట్టు విడిగా ఉంటుంది, 'వ'కి అంటుకుని ఉంటుంది. ఆ కాస్త సందు పూడిందంటే 'ప' కాస్తా 'వ' అయిపోతుంది. కార్డు మీద మన ఊరు 'విశాఖవట్నం' అయింది! "చదివేవాళ్ళకి అర్థమవుతుందిలే" అన్నాడు మా బావ. అక్క వింటుందా? మళ్ళీ కొట్టించింది. ఈసారి అడ్రసు, ముహూర్తం మండలి ఫాంట్‌లో వేయమన్నాను. గొణుక్కుంటూనే వేశాడు, హాయిగా చదవడానికి వచ్చింది.

నీ సీసా లేబుల్ మీదా అదే 'ప' ఉంది. ఊరంతా 'వచ్చళ్ళు' అమ్ముతావా?

ఇంకోటి. అక్షరాలు ఇంకా లావుగా కావాలని బోల్డ్ నొక్కావు చూడు, దాని జోలికి వెళ్ళకు. రవిప్రకాష్‌లో ఉన్నదే ఒక్క మందం. బోల్డ్ అంటే సాఫ్ట్‌వేర్ తనకి తోచినట్టు గీతల్ని ఉబ్బిస్తుంది, లావూ సన్నం తేడా పోయి అక్షరం వాచినట్టు కనిపిస్తుంది. లావు కావాలంటే అష్టదిగ్గజాల పేర్లతో వచ్చిన ఫాంట్లున్నాయి కదా, వాటిలో రామభద్ర చూడు. షోకు తక్కువ, బలం ఎక్కువ. రోడ్డు అవతలి నుంచి కూడా కనపడుతుంది.

ఎల్ఈడీ పెట్టి ఆక్రిలిక్ కటింగ్ అక్షరాలు చేయిస్తానన్నావు. ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు ఒకే ముక్కగా వస్తాయి, మనవి అలా కాదు. 'ప' తలకట్టు ఒక ముక్క, 'చ్చ' వత్తు ఇంకో ముక్క, 'ళ్ళు' కింద వత్తు మరో ముక్క. వెనకాల షీటు లేకుండా విడివిడిగా గోడకి బిగిస్తే ఏదో ఒక వర్షానికి తలకట్టు ఊడి పడుతుంది, నీ పేరు మారిపోతుంది. అన్నిటినీ ఒకే వెనక షీటు మీద అతికించమను. ఇక్కడైతే ఉప్పుగాలికి ఇనప స్క్రూలు ఎంతోకాలం నిలవవు, బీచ్ రోడ్డు వైపు చాలా బోర్డుల కింద తుప్పు చారలు కనిపిస్తాయి. మీకా బాధ లేదు, అదృష్టవంతుడివి.

ప్రింటింగ్‌కి ఇచ్చేటప్పుడు అక్షరాలన్నీ కర్వ్స్ చేసిన, అంటే బొమ్మగీతలుగా మార్చేసిన, పీడీఎఫ్ ఇవ్వు. పాత అను ఫాంట్లకి అలవాటుపడ్డ డీటీపీ వాళ్ళకి యూనికోడ్‌లో, అంటే ఇప్పుడు మన ఫోన్లలో వాడే పద్ధతిలో, టైపు చేసిన మేటర్ పంపితే ఒక్కోసారి పిచ్చి గుర్తులొస్తాయి, లేదా వత్తు పక్కకి జారిపోతుంది. రెండు లైన్లుంటే మధ్య జాగా బాగా వదలమను, పైలైను వత్తులు కిందిలైను గుడుల మీద కూర్చుంటాయి లేకపోతే.

బోర్డు పొడవు, ఎత్తు కొలిచి పంపు. ఎదురుగా రోడ్డెంత వెడల్పో కూడా చెప్పు, పేరు ఎంత పెద్దది కావాలో దాన్నిబట్టి గీసి పంపిస్తాను. డబ్బుల మాట ఎత్తకు. గోంగూర సీసా ఒకటి పంపించు చాలు, లేబుల్ లేకపోయినా పర్లేదు.

నీ,
ప్రసాదు