నీ డబ్బు పంపవద్దు, చిట్టీ

చి. చిట్టికి, అమ్మ ఆశీస్సులు.

నా పుట్టింటి పొలంలో వాటా సంగతి మీద ఆదివారం ఫోనులో నువ్వు కాస్త గట్టిగానే మాట్లాడావు. "ఉచిత లాయరు ఏం పట్టించుకుంటాడమ్మా, నేను లక్ష పంపిస్తాను, మంచి వకీలును పెట్టుకో" అన్నావు. పక్కన మీ నాన్న ఉన్నారని నేను ఊరుకున్నాను. అయినా ఫోనులో నాకు మాటలు తోచవు, రాస్తేనే వరసగా వస్తాయి. డబ్బు పంపవద్దు. ఎందుకో రాస్తాను.

ఉగాది వెళ్లిన వారానికి మీ పెద్ద మామయ్య వచ్చాడు. చేతిలో సంచి, సంచిలో మామిడికాయలు, వాటి కింద కాగితాలు. "పొలం మా అన్నదమ్ములిద్దరి పేరా ఎక్కించుకోవాలి చెల్లాయ్, ఊరికే లాంఛనం. ఇక్కడ సంతకాలు పెట్టేస్తే సోమవారం రిజిస్ట్రారు ఆఫీసుకు ఒక్క పూట వస్తే చాలు" అన్నాడు. అది హక్కు విడుదల పత్రం, అంటే పొలంలో నాకేమైనా హక్కుంటే వదులుకున్నట్టు రాసివ్వడం. నిజం చెప్పాలంటే కాఫీ చల్లారేలోపు పెట్టేసేదాన్నే. కళ్లజోడు కనబడలేదు, అంతే. రేపు చదివి పెడతానన్నాను. "చదవడానికి ఏముంది అందులో" అన్నాడు. చిన్నప్పుడు నాకు పెద్దబాలశిక్ష చదివించిన అన్నయ్య! ఆ మాట రాత్రంతా గుచ్చుకుంది.

నాకు వాటా లేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆడపిల్లలకు పిత్రార్జిత ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది 1986లో. దాన్ని 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తింపజేశారు, కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన వాళ్లకు లేదు. నా పెళ్లి ఆ ఏడాది మే నెలలో. నాలుగు నెలల్లో తప్పిపోయింది. 2005లో కేంద్రం కూడా కూతుళ్లకు సమాన హక్కు ఇస్తూ చట్టం మార్చింది కదా అని 2016లో ఒక వకీలు దగ్గరికి వెళ్లాను. వెయ్యి రూపాయలు తీసుకుని, "మీ నాన్నగారు 2003లోనే పోయారు, ఆ చట్టం మీకు వర్తించదు" అన్నారు. ఆయన్ను తప్పు పట్టను, అప్పటికి సుప్రీంకోర్టు మాట అదే. అక్కడితో ఆ ఊసు వదిలేశాను.

మరి ఈసారి ఎవరు కదిలించారంటావా? మన వీధి చివర ఇస్త్రీ చేసే ఆమె. కూతురి మనోవర్తి కేసు కోసం జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు, అదే ఉచితంగా లాయరును ఇచ్చే ప్రభుత్వ సంస్థకు, తిరుగుతోంది. "మీరూ రండమ్మా, అడిగితే పోయేదేముంది" అంది. మీ నాన్న వద్దన్నారు. పుట్టింటి వాళ్ల మీద కోర్టుకెక్కిందన్న మాట పడతామని ఆయన బెంగ. నేను వెళ్లాను.

మొదటి రోజు లాయర్లు విధులు బహిష్కరించారు, ఎండలో వెనక్కి వచ్చాను. రెండోసారి బల్ల దగ్గర పారా లీగల్ వాలంటీరు ఉంది, ఇరవై ఐదేళ్లుంటాయేమో. నాకు సిగ్గేసింది. మాకు సొంత ఇల్లుంది, కూతురు ఆస్ట్రేలియాలో ఉంది, నేను ఉచితం తీసుకోవచ్చా అని అడిగేశాను. ఆ పిల్ల తల కూడా ఎత్తలేదు. "ఆడవాళ్లకు ఆదాయం అడగమండీ. 1987 చట్టంలో పన్నెండో సెక్షను. తెల్లకాగితం మీద మీ మాటల్లో రాసివ్వండి" అని పెన్ను ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు, జైల్లో ఉన్న వాళ్లకు, ఇంకా కొందరికి కూడా ఆదాయంతో పని లేదట. మిగతా వాళ్లకే పరిమితి. నేను ఒకటిన్నర పేజీ రాశాను. అక్షర దోషాలు లేవు, చూసుకున్నాను.

వాళ్లిచ్చిన లాయరమ్మ ముందు రెండే అడిగింది. పొలం ఎవరి నుంచి వచ్చింది? 2004 డిసెంబర్ 20కి ముందు పంపకం ఏదైనా రిజిస్టరైందా? తాతయ్యకు వాళ్ల నాన్న ఇచ్చింది 3 ఎకరాలు. పొగాకు డబ్బుతో తాతయ్య కాలువ గట్టున కొన్నది 1 ఎకరం 20 సెంట్లు. వీలునామా లేదు. అన్నదమ్ములు నోటిమాటగా చెరో వైపు సాగు చేసుకుంటున్నారు. ఈసీ, అంటే పొలం మీద రిజిస్టరైన దస్తావేజుల వివరాలిచ్చే కాగితం, తెప్పించి చూస్తే పంపకం దస్తావేజు లేదు. నోటిమాట పంపకాన్ని కోర్టు తేలిగ్గా ఒప్పుకోదంది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసిందట, కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదే, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని. పెళ్లి ఎప్పుడైందన్నదీ అడ్డు కాదు. మొత్తం 4 ఎకరాల 20 సెంట్లలో నా వాటా 1 ఎకరం 40 సెంట్లు.

అసలు నా ఒళ్లు మండింది ఇంకో మాటకు. తాతయ్య స్వార్జితంలో, అంటే కాలువ గట్టు పొలంలో, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే నాకు అన్నదమ్ములతో సమానంగా వాటా ఉందట! పెళ్లితో నిమిత్తం లేదు, 2005తో నిమిత్తం లేదు. వెయ్యి రూపాయలు తీసుకున్న ఆయన ఆ పొలం సంగతి అడగనే లేదు. నేను చెప్పనూ లేదు, చెప్పాలని తెలిస్తే కదా. డబ్బు ఇస్తే మంచి సలహా వస్తుందన్న నీ లెక్కకు ఇదీ నా జవాబు.

పోయిన ఏడు నీ సంగతి మర్చిపోయావా? ఇల్లు ఖాళీ చేస్తే తివాచీ మరకల పేరు చెప్పి ఏజెంటు డిపాజిట్ ఇవ్వనన్నాడని ఏడ్చావు. మీ పేటలోని ఉచిత న్యాయ కేంద్రానికి వెళ్లావు. డిపాజిట్ ఏజెంటు దగ్గర కాదు, ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటుంది, నువ్వే దరఖాస్తు పెట్టుకో, ఇంటివాళ్లకు అభ్యంతరముంటే 14 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లాలి అని చెప్పారని ఎంత సంబరపడ్డావు! అలాంటి కేంద్రాలు మీ మెల్‌బోర్న్‌లో 1972లో ఫిట్జ్‌రాయ్ టౌన్‌హాల్ నేలమాళిగలో మొదలయ్యాయని నాకు కథలా చెప్పింది నువ్వే. అక్కడ ఉచితమైతే గొప్ప, ఇక్కడ ఉచితమైతే నాసిరకమా?

దావా వేయలేదు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో మాట్లాడుకోవచ్చన్నారు. కోర్టు ఫీజు లేదు. రాజీ కుదిరితే అక్కడిచ్చే తీర్పు, దాన్ని అవార్డంటారు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలుండదు. కాబట్టి ఒప్పుకునే ముందు ఒకటికి రెండుసార్లు చదువుకోండి అని లాయరమ్మ మరీ మరీ చెప్పింది. చదవమన్నందుకే నాకు ఆ పిల్ల నచ్చింది.

నోటీసు వెళ్లాక పది రోజులు పుట్టింటి నుంచి ఫోను లేదు. మొదటి తేదీకి చిన్న మామయ్య ఒక్కడే వచ్చాడు, వరండాలో నా పక్కనే కూర్చుని, "నాకూ తెలియదక్కా" అన్నాడు. నమ్మాలో లేదో తెలియలేదు. కాలువ గట్టు పొలం నాకు వదిలేస్తే మిగతా 20 సెంట్లకు పేచీ పెట్టనని చెప్పాను. మళ్లీ 20వ తేదీ ఇచ్చారు. ఈసారి పెద్ద మామయ్య కూడా వస్తానన్నాడట.

నిన్న సాయంత్రం ఆటోలో ఆవకాయ జాడీ వచ్చింది, మీ పెద్దత్త ఏటా పంపినట్టే. చీటీ లేదు, మాట లేదు. ఆవఘాటు ఈసారి కాస్త ఎక్కువే. ఆవకాయ మన జాడీలోకి మార్చి, వాళ్లది కడిగి ఎండబెట్టాను. 20న కోర్టుకే తీసుకెళ్లి ఇస్తాను. ఖాళీగా ఇవ్వకూడదు కదా, రేపు జంతికలు వండుతున్నాను.

మీ అమ్మ