స్వామి దగ్గర బాకీ

పాపా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేసినాక నాకు నిద్ర పట్టలేదు. మాట్లాడితే మధ్యలోనే సరేలే మా అని కట్ చేస్తావు, అందుకే వాట్సాప్‌లో రాస్తా ఉన్నా, పొడుగైనా చివరిదాకా చదువు. ఉద్యోగం పోయిన మూడు నెలలకా నాకు చెప్పేది? పీజీ రెంట్ కోసం కమ్మలు తాకట్టు పెట్టినావంటనే, అది కూడా నీ ఫ్రెండ్ నోరు జారితే తెలిసింది. తిట్టడానికి రాయలేదులే. నువ్వు ఒక మాటన్నావు చూడు, దేవుడుంటే మనకే ఎందుకిట్టా చేస్తాడు మా అని, అది నా గుండెలో అట్టే ఉండిపోయింది.

2020 గుర్తుందా నీకు, అప్పుడు ఇంటర్ చదవతా ఉన్నావు. మార్చి 20న కొండ మీద దర్శనం ఆపేసినారు. తిరుపతిలో మనలాంటోళ్ళకి యాత్రికుడు వస్తేనే కదా పొయ్యి వెలిగేది, బస్టాండు దగ్గర మన ఇడ్లీ బండి, మీ నాయన ఆటో, రెండూ ఒకేసారి నిలబడిపోయినాయి. తెల్లారుజామున మూడు గంటలకే గోవిందా గోవిందా అని వినపడే రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవురూ లేరు. బండికని తెచ్చి పెట్టుకున్న బియ్యం కొన్నాళ్ళు వచ్చినాయి. ఆ తర్వాత డబ్బాలో గ్లాసు పెడితే అడుగు గీరుకునే చప్పుడు, అది నీకూ తమ్ముడికీ వినపడకూడదని నేను టీవీ సౌండ్ పెంచేదాన్ని. నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు ఈ మాట.

అప్పుడు దేవస్థానం వాళ్ళు ఊర్లోకి అన్నం పొట్లాలు పంపించినారు కదా. మొదటి రోజు నేను పోలేదు. పొద్దస్తమానం పదిమందికి వడ్డించే చెయ్యి, పోయి చాపాలంటే ప్రాణం పోయినట్టుండింది. రెండో రోజు ముఖానికి కొంగు చుట్టుకొని పోయి సున్నంతో గీసిన గుండ్రంలో నిలబడినా. ఆ పిల్లోడు నా ముఖం చూడలేదు, ఎంతమందమ్మా ఇంట్లో అన్నాడు, ఐదుగురం అంటే ఐదు పెట్టినాడు, అంతే. పొట్లం ఇంకా వెచ్చగానే ఉండింది. కొండ మీద అన్నదానం 1985లో ఎన్టీఆర్ ఉన్నప్పుడు రోజుకు 2,000 మందితో మొదలైందంట, ఇప్పుడు ఆ సత్రానికి మన పక్క తరిగొండలో పుట్టిన వెంగమాంబ పేరే పెట్టినారు, ఆమె కూడా ఎప్పుడో కొండ మీద వచ్చినోళ్ళకి అన్నం పెట్టిన తల్లే. ఆడ ఎన్నిసార్లు తిన్నాం మనం, ఎవురన్నా నువ్వెవురని అడిగినారా? ఆ అన్నమే ఇంటిదాకా వచ్చింది అనుకున్నా, అప్పటికి గానీ నా ఏడుపు ఆగలేదు.

కానీ పొట్లాలతోనే ఎన్నాళ్ళని. గ్యాస్ కూడా అయిపోయింది. గూట్లో పసుపు గుడ్డలో ముడుపు ఉండింది, నీకు డెంగీ జొరం వచ్చినప్పుడు మొక్కుకొని కట్టింది, ఆమీట నెలనెలా ఇంత వేస్తా వచ్చినాను. దాన్ని చూసేది, తల తిప్పుకునేది. మీ నాయనైతే స్వామి సొమ్ము ముట్టుకుంటే కళ్ళు పోతాయని కోప్పడినాడు. అప్పుడు మీ అవ్వ మంచం మీద నుంచి అనింది, ఒరే, ఆయన పెండ్లికి ఆయనే కుబేరుడి దగ్గర అప్పు చేసినాడు కదరా, రావిచెట్టు సాక్షిగా పత్రం రాసిచ్చి, ఇప్పటికీ వడ్డీ కడతా ఉన్నాడంటారు, చేతిలో లేకపోతే ఎట్టుంటాదో ఆయనకి తెలీకపోతే ఇంగెవురికి తెలుస్తాది, అడిగి తీసుకోమను, వడ్డీతో కట్టమను అని.

దీపం పెట్టి, దండం పెట్టుకొని విప్పినా. పసుపుకి బిళ్ళలు ఒకదానికొకటి అంటుకొని నల్లగా అయినాయి, గోరుతో విడదీసి లెక్క పెడితే 1,160. గ్యాస్ తెద్దామని గడప దాటితే పక్కింటామె గేటు దగ్గర నిలబడి, మా గ్రైండర్ పాడైపోయింది, ఇడ్లీ పిండి రుబ్బిస్తావా అని అడిగింది. నాకు ఒళ్ళు జలదరించింది పాపా. గ్యాస్ తేలేదు, మినప్పప్పు, బియ్యం తెచ్చినా, మనం కట్టెల పొయ్యి మీద వండుకున్నాం. రెండు ఇండ్లు, ఐదు ఇండ్లు, తర్వాత వీధంతా మన పిండే. నువ్వే కదా సైకిల్లో పోయి ఇచ్చొచ్చేదానివి. పిండి అమ్మింది నేనే, రుబ్బింది నేనే, కాదనను, కానీ ఆ పూట ఆమె నోట అడిగించింది మాత్రం స్వామే, నన్ను ఎవురు ఎన్ని చెప్పినా ఇదే అంటా.

క్యాలెండర్ వెనకాల స్వామి బాకీ 1,160 అని రాసిపెట్టినా. బండి మళ్ళీ పెట్టినాక అలిపిరి నుంచి నడిచి పోయి, వడ్డీ ఇంతని ఎవురూ చెప్పలేదు కాబట్టి నాకు తోచినట్టు 1,500 కట్టి హుండీలో వేసినా. మోకాళ్ళ పర్వతం దగ్గర కాళ్ళు పట్టేసినాయి గానీ మనసు ఎంత తేలికైందో.

ఇప్పుడు నీ సంగతి. పొద్దున ఫోన్‌పేలో వేసిన 6,200 నువ్వు తిప్పి పంపించినావు. మళ్ళీ వేసినా, ఈసారి పంపించొద్దు. ముందు కమ్మలు విడిపించుకో. ఇంటర్వ్యూలకి పో, ఆ సీనియర్ ఎవురో రెఫర్ చేస్తానన్నాడంటివే, మొహమాటపడకుండా అడుగు, స్వామి ఏ మనిషి చేత ఇప్పిస్తాడో మనకేం తెలుసు. శుక్రవారం రాత్రి బస్సెక్కు, రెండు రోజులుండి పోదువు, ఉర్లగడ్డ కూర చేస్తా.

ఆ డబ్బు ఎక్కడిదని అడగతావని తెలుసు. మళ్ళీ కట్టిన ముడుపుదే. ఈసారి మీ నాయనే గూట్లోంచి తీసి విప్పినాడు. క్యాలెండర్ వెనకాల కూడా ఆయనే రాసినాడు, స్వామి బాకీ 6,200 అని, పక్కన నీ పేరు.

అమ్మ