సిగ్నల్ దగ్గర వణికే నీ కారు గురించి

ఆటోనగర్, విజయవాడ

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నాకు అదే ధ్యాస. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోందన్నావు. ఏసీ వేస్తే ఆ వణుకు సీట్లోకి కూడా వస్తోందన్నావు. బండి కదిలాక మామూలైపోతుంది కానీ, మొదటి గేరులో క్లచ్ వదిలేటప్పుడు కింద ఎక్కడో ‘ధన్’మంటోందట. అక్కడి మెకానిక్ క్లచ్ సెట్టు మొత్తం మార్చాలన్నాడని చెప్పావు. క్లచ్ జోలికి ఇప్పుడే పోకు తల్లీ. ముందు ఇంజన్ మౌంటింగులు చూపించు. ఎందుకో ఫోన్లో చెప్పబోతే మధ్యలో నీకు ఆఫీసు కాల్ వస్తుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఇంజన్ని బాడీకి నేరుగా బోల్టులతో బిగించరు, మధ్యలో రబ్బరు ఉంటుంది. ఆ రబ్బరు దిమ్మనే మౌంటింగ్ అంటాం. నీ బండిలో అలాంటివి మూడు. కుడివైపు ఇంజన్ దగ్గర ఒకటి, ఎడమవైపు గేరుబాక్స్ మీద ఒకటి. బరువంతా ఈ రెండే మోస్తాయి. మూడోది వెనక, కిందగా ఉంటుంది. జానెడు రాడ్డు, దాని చివర్లలో బుష్షులు, అంటే లోపలి ఇనుముకీ బయటి ఇనుముకీ మధ్య రబ్బరు ఉన్న కడియాలు. దాన్ని టార్క్ రాడ్ అంటాం. అది బరువు మోయదు. నువ్వు క్లచ్ వదలగానే ఇంజన్ వెనక్కి ఊగబోతుంది చూడు, అప్పుడు దాన్ని పట్టుకుని ఆపుతుంది.

నీది నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్. క్రాంకు, అంటే ఇంజన్ లోపల తిరిగే ఇరుసు, ఒక చుట్టు తిరిగితే రెండు సిలిండర్లు మండుతాయి. ఆగి ఉన్నప్పుడు నిమిషానికి 800 చుట్లు అనుకుంటే 1600 దెబ్బలు, అంటే సెకనుకు 26 పైనే. నువ్వు సిగ్నల్ దగ్గర పాట వింటూ కూర్చున్నంతసేపూ ఆ దెబ్బలన్నీ ఆ రబ్బరు తింటోంది. దాని పని తేలికైంది కాదు. బండి ఆగి ఉన్నప్పుడు మెత్తగా ఉండాలి, లాగేటప్పుడూ గతుకులో పడ్డప్పుడూ గట్టిగా ఉండాలి. ఒట్టి రబ్బరుకి రెండూ చేతకావు. అందుకని డీజిల్ బండ్లలో చాలావాటికి ఇంజన్ వైపు మౌంటింగ్ లోపల రెండు గదులు చేసి గ్లైకాల్ కలిపిన ద్రవం నింపుతారు. ఇంజన్ ఊగినప్పుడు ఆ ద్రవం సన్నటి దారిలోంచి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతూ ఊపుని చంపేస్తుంది. లోపలి రబ్బరు చిట్లితే ద్రవం కారిపోతుంది. చుట్టూ నల్లటి తడి మరక కనిపిస్తే అది అయిపోయినట్టే.

కార్లు వచ్చిన తొలి రోజుల్లో ఈ సుఖం లేదు. నాలుగు సిలిండర్ల బండి ఎక్కితే ఒళ్లంతా అదిరేది. 1931లో అమెరికాలో క్రైస్లర్ వాళ్లు ప్లిమత్ కారులో ఇంజన్ని రబ్బర్ల మీద ఊగేలా కూర్చోబెట్టి, దానికి ‘ఫ్లోటింగ్ పవర్’ అని పేరు పెట్టారు. ఫ్రాన్సులో సిట్రోయెన్ ఆ పద్ధతి కొనుక్కుని తన బండ్ల మీద నీళ్లలో తేలే హంస బొమ్మ వేసుకుంది. ఇంజన్ హంసలా తేలుతుందని వాళ్ల ఉద్దేశం. నాకు ఆ బొమ్మ ఎంత ఇష్టమో! సరిగ్గా ఉన్న మౌంటింగ్ చేసే పని అదే మరి.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక లెక్చరర్ గారు షెడ్డుకి కారు తెచ్చారు. ఆయన చెప్పిందీ నువ్వు చెప్పిందీ ఒకటే, అదే ‘ధన్’. మీటరు 70 వేలు దాటింది కదా అని నేను క్లచ్ అనేశాను. గేరుబాక్స్ దించి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు అన్నీ మార్చాను. మూడో రోజు ఆయన మళ్లీ వచ్చారు. చప్పుడు అలాగే ఉంది. అప్పుడు కింద పడుకుని టార్క్ రాడ్డుకి గడ్డపార ఆనించి అటూ ఇటూ తోశాను. పెద్ద బుష్షులో రబ్బరు తెగిపోయి లోపలి ఇనుము బయటి ఇనుముకి కొట్టుకుంటోంది. రెండూ తగిలిన చోట వెండి పట్టీలా మెరుస్తోంది. గేరుబాక్స్ దించడానికి ఆ రాడ్డుని నా చేత్తోనే విప్పాను, నా చేత్తోనే మళ్లీ బిగించాను. ఒక్కసారి తిప్పి చూసుంటే కనపడేది. కూలి డబ్బులు వెనక్కి ఇచ్చాను కానీ, సామాను డబ్బులు ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. అది నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. నీ బండికి చూడకుండా క్లచ్ అన్నారని విన్నప్పుడు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే.

నువ్వే చూసుకోవచ్చు. బండిని చదునైన చోట పెట్టు, హ్యాండ్ బ్రేక్ లాగు, బానెట్ ఎత్తు. నువ్వు సీట్లో కూర్చో. పక్క నుంచి చూడ్డానికి ఎవరినైనా నిలబెట్టు. ముందూ వెనకా మాత్రం ఎవరూ ఉండకూడదు. చున్నీ, జుట్టు బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా ఉండాలి. కుడికాలు బ్రేక్ మీద గట్టిగా ఉంచి, మొదటి గేరులో క్లచ్ పట్టుకునేంత వరకు కాస్త వదిలి మళ్లీ నొక్కు. తర్వాత రివర్సులో అలాగే చెయ్యి. ఇంజన్ కొంచెం కదలడం మామూలే. అంగుళం పైగా లేచి పడుతున్నా, ‘ధన్’మన్నా ఏదో ఒక మౌంటింగ్ పోయింది.

అన్ని వణుకులూ మౌంటింగువి కావు, అది కూడా గుర్తుపెట్టుకో. 80, 100 స్పీడులో స్టీరింగ్ కొట్టుకుంటే వీల్ బ్యాలెన్సింగ్ చూపించాలి. బ్రేక్ వేసినప్పుడే అదిరితే డిస్కులు. ఆగి ఉన్నప్పుడు వణుకుతో పాటు ఇంజన్ శబ్దం కూడా తడబడుతుంటే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు. శబ్దం సమంగా ఉండి వణుకు మాత్రం ఎక్కువైతేనే నా అనుమానం రబ్బరు మీదికి పోతుంది. నీ బండి శబ్దం మొన్న వాట్సాప్‌లో పంపావుగా, సమంగానే ఉంది.

పోయిన మౌంటింగుతో తిప్పితే ఏమవుతుందిలే అనుకోకు. ఒకటి పోతే దాని భారం మిగతా రెండింటి మీద పడుతుంది. ఇంజన్ ఊగిన కొద్దీ సైలెన్సర్ ముందు భాగంలో వంగేలా ఉండే జాలీ గొట్టం పగులుతుంది, రేడియేటర్ గొట్టాలు గుంజుకుంటాయి.

రబ్బరుకి ముదిమి ఎలాగూ వస్తుంది. దాని ఆయుష్షు ముందే తీసేది మాత్రం నూనె. ఇంజన్ పైమూత, అదే హెడ్ కవర్, ప్యాకింగ్ కారి ఆయిల్ చుక్క చుక్కగా మౌంటింగ్ మీద పడితే రబ్బరు ఉబ్బి, మెత్తబడి, ముట్టుకుంటే వేలికి అంటుకుంటుంది. అలాంటప్పుడు కారడం ఆపకుండా కొత్తది వేస్తే అదీ పాడవుతుంది. డీజిలు, కిరసనాయిలు పోసి ఇంజన్ కడిగే షెడ్డుల్లో నీ బండి కడిగించకు. మేమూ ఇక్కడ ఏళ్ల తరబడి అలాగే కడిగాం, ఇప్పుడు మానేశాం. ఇక నీ వైపు నుంచి చేయాల్సింది కొంచెమే: స్పీడ్ బ్రేకర్ మీద గేరు తగ్గించుకుని మెల్లగా ఎక్కు, క్లచ్ ఒక్కసారిగా వదలకు, ఆయిల్ మార్పించినప్పుడల్లా టార్చి వేసి ఆ మూడింటినీ చూడమను.

మార్చేటప్పుడు నువ్వు అక్కడే ఉండు. ఇంజన్ కింద జాకీ పెడితే అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌కీ జాకీకీ మధ్య చెక్క పలక ఉండాలి, లేకపోతే ఛాంబర్ సొట్టపోతుంది. బోల్టులు మొదట వదులుగా పెట్టి, జాకీ తీసేసి, ఇంజన్ తన బరువుతో తాను కుదురుకున్నాకే పూర్తిగా బిగించమను. ఇంజన్ని ఎత్తిపెట్టి బిగిస్తే రబ్బరు మెలిపడి కూర్చుంటుంది. కొత్తదైనా వణుకుతుంది, తొందరగా చిరుగుతుంది. బిగింపు ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచితోనే, మాన్యువల్లో ఉన్న లెక్క ప్రకారం. ఎయిర్ గన్‌తో టకటకా కొట్టనివ్వకు. ద్రవం ఉన్న మౌంటింగ్ స్థానంలో చవకగా దొరుకుతుందని ఒట్టి రబ్బరుది వేస్తామంటే ఒప్పుకోకు. దాని గట్టిదనానికి ఇప్పటికంటే ఎక్కువ అదురుతుంది.

డబ్బులకి వెనకాడకు, నేను పంపిస్తాను. మీ అమ్మ అయితే బండి అక్కడే వదిలేసి బస్సులో రమ్మంటోంది. మూడూ విప్పి చూశాక పోయింది ఏదో నాకు ఫొటో పెట్టు. పాతవి షెడ్డులో వదిలెయ్యకు, గుడ్డలో చుట్టి డిక్కీలో వేసుకుని సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా. రబ్బరు ఎక్కడ తెగిందో కోసి చూద్దాం.

మీ నాన్న