నాన్న రేడియోలో మాట్లాడాడురా

ఒరేయ్ శీనూ,

ముందు క్షమించు. నీకు రాసి రెండు నెలలు దాటింది, నీ మెయిల్‌కి జవాబు కూడా ఇవ్వలేదు. అమ్మ మోకాళ్ళకి ఫిజియోథెరపీ నడుస్తోంది, పాప టెన్త్‌కి వచ్చింది, నాకు మళ్ళీ నైట్ షిఫ్టులు పడ్డాయి, గాజువాక జంక్షన్ ట్రాఫిక్ గురించి నీకు కొత్తగా చెప్పేదేం లేదు. ఇవన్నీ తర్వాత. మంగళవారం నుంచి ఒక సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నా, నీకు చెప్తే గానీ తీరదు.

మా నాన్న రేడియోలో మాట్లాడాడురా! అవును, మా నాన్నే. మనం పదో తరగతి పాసైన రోజున స్వీట్ బాక్స్ చేతిలో పెట్టి "ఊఁ" అన్నాడే, ఆ మనిషే.

దీనికి మూలం నువ్వు. ఆఫీసుకి వెళ్తూ కారులో వింటానన్నావు కదా, శాన్‌ఫ్రాన్సిస్కో కేక్యూఈడీ రేడియో వాళ్ళ చర్చా కార్యక్రమం 'ఫోరమ్', అది ఫోన్లో వినడం నాకూ అలవాటైంది. మీ పొద్దున తొమ్మిది మాకు రాత్రి తొమ్మిదిన్నర, డ్యూటీ లేని రోజుల్లో భోజనాలయ్యాక డాబా మీద పెట్టుకునేవాణ్ణి. పక్కన మడత మంచం మీద పడుకుని నాన్న ఒకరోజు "ఏం చెప్తున్నార్రా?" అన్నాడు. ఇళ్ళ అద్దెల గురించి అన్నాను. ఇక అప్పట్నుంచి నేను ముక్క ముక్కగా తెలుగులో చెప్పడం, ఆయన వినడం. స్టూడియోలో కూర్చున్న పెద్దల మాటల కంటే మధ్యలో ఫోన్ చేసేవాళ్ళ మాటలే ఆయనకి కావాలి. ఒక రాత్రి ఎవరో బస్సు డ్రైవరు మాట్లాడుతుంటే లేచి కూర్చున్నాడు. "ఆయన చెప్పేది చివరిదాకా విన్నార్రా" అన్నాడు, అంతే, మళ్ళీ పడుకున్నాడు. మరి వీళ్ళకి డబ్బెక్కడిది అని అడిగితే, ఎక్కువగా మా శీనులాంటివాళ్ళ చందాలే అని చెప్పా. 2025 జులైలో మీ అమెరికా కాంగ్రెస్ పబ్లిక్ రేడియో, టీవీలకి ఇస్తామన్న 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసేసుకుందని చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "శీను చందా మానలేదు కదా?" అన్నాడు. మానకురా.

సరే, మంగళవారం. ఇక్కడ కూడా పొద్దున పూట రేడియోలో రోజూ ఒక విషయం మీద చర్చ వస్తుంది, చివర్లో ఫోన్లు తీసుకుంటారు. ఆ రోజు మన విశాఖ స్టీల్‌ప్లాంట్ గురించి. స్టూడియోలో ఒకాయన, బాగా చదువుకున్నాయనే, కేంద్రం 11,440 కోట్లు ఇచ్చినా నష్టాలు ఎందుకు పోవో లెక్కలు చెప్తున్నాడు. నేను డ్యూటీ దిగి వచ్చి వంటింట్లో టీ తాగుతున్నా, అమ్మ చారుకి తాలింపు పెడుతోంది. "హలో, ఎక్కడి నుంచండీ?" "కూర్మన్నపాలెం నుంచండి." అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

కిటికీలోంచి చూస్తే నాన్న పెరట్లో సన్నజాజి పందిరి కింద నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఆ చిన్న ట్రాన్సిస్టరు. చొక్కా వేసుకున్నాడురా, ఇస్త్రీ చొక్కా, పెరట్లోకి! "ముందు మీ రేడియో సౌండ్ తగ్గించండి" అని వాళ్ళంటే పూర్తిగా ఆపేశాడు. ఆయన మాట ముందు కిటికీలోంచి, ఒక్క క్షణం ఆగి మా వంటింటి రేడియోలోంచి, రెండుసార్లు వినిపిస్తోంది.

ఏమన్నాడో తెలుసా? "అయ్యా, మాకు సొంత ఇనుప ఖనిజం గనులు లేవండి. పొలం ఉన్నవాడి ఇంట్లో అన్నానికీ, కిలో లెక్కన బియ్యం కొనుక్కునేవాడి ఇంట్లో అన్నానికీ ఖర్చు ఒకటే అవుతుందా?" స్టూడియోలో ఆయన ఏదో అనబోతే "ఒక్క నిమిషం బాబూ" అని, 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ఫ్యాక్టరీ అండి ఇది, నాకప్పుడు పదకొండేళ్ళు, 1990లో గోదావరి అని పేరు పెట్టిన ఫర్నేసు నుంచి మొదటిసారి ఇనుము పారిన రోజు నేను అక్కడే ఉన్నాను, ఆ వెలుగు చూసినవాళ్ళెవరూ దీన్ని నష్టాల కంపెనీ అని ఊరికే అనలేరు, అన్నాడు. గొంతు వణకలేదు. నాకే ఒళ్ళు జలదరించింది.

"ధన్యవాదాలండీ, సమయం తక్కువగా ఉంది" అని వాళ్ళు ఇంకో ఫోన్ తీసుకున్నారు. అనకాపల్లి నుంచి ఎవరో. కానీ నాన్న ఆపలేదురా. లైను పోయిందని ఆయనకి తెలీదు, రేడియో ఆపేశాడుగా.

అప్పుడు చెప్పాడు. ప్లాంటుకి భూములిచ్చిన 64 ఊళ్ళలో మాదొకటి, అది నీకూ తెలుసు. చెట్ల లెక్కకి వచ్చిన గుమాస్తా తాతయ్య తాటిచెట్లు పదకొండని రాసుకుపోయాడట. పన్నెండు ఉన్నాయి. పన్నెండోది గట్టు అవతలికి వంగి ఉండేదట, కనపడలేదో, చూడలేదో. ఆ ఒక్క చెట్టు కోసం తాతయ్య ఎనిమిది నెలలు ఆఫీసు చుట్టూ తిరిగాడు. "డబ్బు కోసం కాదండి. ఉన్నదాన్ని లేదంటే మా నాన్న తట్టుకోలేకపోయాడు" అన్నాడు నాన్న, ఎవరూ లేని ఫోన్లో. తను ఆర్ కార్డు మీద, అంటే భూములు పోయిన నిర్వాసితులకిచ్చే కార్డు మీద, ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్ళూ, క్యాంటీన్‌కి వెళ్ళే దారిలో ఒకచోట ఆయన అడుగు నెమ్మదించేదట. అక్కడే అని ఆయన లెక్క.

ఇన్నేళ్ళలో ఈ మాట మాకెవరికీ చెప్పలేదు. అమ్మక్కూడా కొత్తే. స్టవ్ మీద తాలింపు మాడిపోయింది, ఎవరూ కట్టేయలేదు.

తర్వాత "హలో... హలో" అని ఫోన్ కేసి చూసి లోపలికి వచ్చాడు. "ఎంతవరకు వచ్చిందిరా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు అమ్మ "మొత్తం వచ్చింది" అంది.

ఇప్పుడు నా టెన్షన్ అదే. వీధిలో అందరూ గనుల మాట బాగా అడిగారంటున్నారు, తాటిచెట్టు మాట ఒక్కరూ ఎత్తట్లేదు. నిన్న సాయంత్రం పక్కింటి మాస్టారు వెళ్ళిపోయాక నాన్న నాకేసి ఒక చూపు చూశాడు... చెప్పేయాలా? అమ్మ వద్దంటోంది. తొట్లకొండ రోజు నువ్వు నా విషయంలో ఏం చేశావో గుర్తుందిగా, మూడు వేళ్ళు, ఇంక రాయను, అలాంటి ఉపాయం ఏదైనా ఉంటే చెప్పు. లేకపోతే నువ్వే ఒకసారి ఆయనకి ఫోన్ చేసి, ఆ పన్నెండో చెట్టు గురించి... వద్దులే, నీకెలా తెలిసిందంటాడు. లేదా అడుగు, ఏమో, ఆలోచించు.

ఇంకా చాలా ఉంది, ముఖ్యంగా మీ అన్నయ్య ఇల్లు అమ్మకం సంగతి. తొమ్మిదీ ఇరవై ఎనిమిది అయింది. డాబా మీద నుంచి పిలుస్తున్నాడు, "ఒరే, మన శీను వాళ్ళ రేడియో పెట్టవా?" అని. వెళ్తున్నా.

నీ
రమణ